మన బడి, మన అయివార్లు: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా మన సంఘం బడి గోడలకు సున్నం వేయించింది, తాగునీటి కుళాయిలు బాగు చేయించింది, పుస్తకాలకు అట్టలు వేయించింది. వాటి లెక్కల కాగితం పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాం, అక్కడ చూసుకోవచ్చు. ఈ నివేదిక ఒక్క పని గురించే. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు అయివార్లను, అంటే టీచర్లను, పరిచయం చేసే పని. దీనికి ఖర్చు తక్కువ, జరిగే పొరపాట్లు ఎక్కువ. అందుకే జరిగిన మంచి కన్నా చెడిన చోట్లనే ఎక్కువ రాశాం.

మన బడిలో అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరే. ఒకరు 1, 2 తరగతులు చూస్తారు, ఇంకొకరు 3, 4, 5. ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకు మండలానికి పోయినా, ఆ రోజు రెండోవారి దగ్గరే అందరూ కూర్చోవాలి. పిల్లకు ఒక్క మేడమ్‌నే చూపించి "ఈమే మీ టీచర్" అని వదిలేస్తే, ఆమె రాని రోజు ఆ పిల్ల గేటు దగ్గరే ఏడుస్తూ నిలబడుతుంది. ఇద్దరినీ పరిచయం చేయడం మొదటి నియమంగా పెట్టుకున్నాం.

ఏప్రిల్ మూడో వారంలో, వేసవి సెలవులకు ముందు, అంగన్‌వాడీ పిల్లలను ఆరుగురికి ఒక గుంపుగా బడికి పిలుచుకొచ్చాం. ఒక్కో గుంపు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నలభై నిమిషాలు. పాఠం చెప్పించలేదు. బల్ల మీద కూర్చోవడం, కుళాయి తిప్పి నీళ్లు తాగడం, మరుగుదొడ్డి తలుపుకు గడియ పెట్టి తీయడం, గంట కొట్టడం, అంతే. గడియ దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. లోపల గడియ పడి రాకపోతే ఎట్లా అన్న భయం పిల్లలకు టీచర్ భయం కన్నా పెద్దది. గడియను రెండు జానలు కిందికి దించి బిగించాక ఆ గొడవ పోయింది.

అదే వారంలో ఒక పెద్ద తప్పు చేశాం. అప్పుడున్న టీచర్లతో పిల్లలకు దోస్తీ కుదిర్చి, ఫోటోలు కూడా ఇళ్లకు ఇచ్చి పంపాం. ఎండాకాలంలో బదిలీలు జరిగాయి. జూన్ 12న బడి తెరిచేసరికి కుర్చీలో వేరే మనిషి. ఫోటోలోని మేడమ్ ఏదని పిల్లలు వెతికారు, వచ్చిన కొత్త మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు. వచ్చే ఏడు నుంచి ఏప్రిల్‌లో టీచర్లను పరిచయం చేయొద్దని తీర్మానించాం. బదిలీ కాని మనుషులను పరిచయం చేద్దాం: వంట చేసే అక్క, ఆయా, అయిదో తరగతికి పోబోయే పెద్ద పిల్లలు. టీచర్ల ఫోటోలు బడి తెరిచిన మూడో రోజున, వచ్చినవాళ్లు నిలిచారని తెలిశాకే.

ఫోటోల సంగతి కూడా వివరంగా రాయాలి. మొదట వాడినవి పాస్‌పోర్టు సైజువి, టీచర్లే ఇచ్చారు. ఆఫీసు కాగితాలకు తీయించుకున్న ఆ ఫోటోల్లో నవ్వు లేదు, కళ్లద్దాలు లేవు. చిన్నపిల్లలు వాటిలో మనిషిని గుర్తుపట్టలేదు. రెండోసారి ఫోన్‌తోనే బడిలో తీశాం. టీచర్ నేల మీద కానీ, పొట్టి బల్ల మీద కానీ కూర్చోవాలి. తీసేవాళ్లు పిల్లల ఎత్తుకు వంగి తీయాలి. రోజూ కట్టుకునే చీర, రోజూ పెట్టుకునే కళ్లద్దాలు, వెనక నల్లబల్ల ఉండాలి. నాలుగు అంగుళాలకు ఆరంగుళాల ప్రింటు తీయించి, కింద పేరు రెండంగుళాల అక్షరాల్లో వేరే కాగితం మీద రాసి అంటించాం. ఇంక్‌జెట్ ప్రింటు తడి చేతికి కారిపోతుంది, స్టూడియో ప్రింటే మేలు. లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు దాని మీద పడి మొహం కనపడలేదు, అందుకని కిటికీ ఉన్న గోడకే, కిటికీ పక్కన తగిలించాం. ఎత్తు మూడడుగులు మించొద్దు. పెద్దవాళ్లు గోడకు ఏది తగిలించినా తమ కళ్ల ఎత్తుకు తగిలిస్తారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

పరిచయం రెండు వైపులా జరగాలి. టీచర్‌కు పిల్లల పేర్లు రావాలి. మన ప్రాంతంలో ఇది తేలిక కాదు. ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కుబడితో పెట్టిన పేర్లే సగం ఇళ్లల్లో ఉంటాయి: ఉరుకుందప్ప, ఉరుకుందమ్మ, ఈరన్న, వీరేష్. మంత్రాలయం దగ్గర కాబట్టి రాఘవేంద్రలు ఉండనే ఉన్నారు. పీర్ల పండగకు మొక్కుకుని హుసేనప్ప అని పెట్టిన హిందువుల పిల్లలూ ఉంటారు, పేరు చూసి మతం రాసేసిన రిజిస్టర్లు తర్వాత దిద్దుకోవాల్సి వస్తుంది. ఇంకో చిక్కు, ఆధార్‌లో ఉన్న పేరు ఇంట్లో ఎవరూ పిలవరు. హాజరు పిలిచినప్పుడు పిల్లవాడు పలకడం లేదంటే మొండితనం కాదు, అది తన పేరని వాడికి తెలియదు. ఇంట్లో వాడు గుండుగాడు.

దీనికి గుడ్డ బిళ్లలు కుట్టించాం. పాత తెల్ల పంచె నుంచి మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ముక్కలు, అంచు మడిచి కుట్టినవి. ముందు వైపు ఇంటి పేరు అంటే ఇంట్లో పిలిచే పేరు, వెనక వైపు రికార్డు పేరు. రెండు వారాలు ముందు వైపు, తర్వాత తిప్పి పెట్టాలి. ఆ రెండు వారాల్లో టీచర్ రెండు పేర్లూ కలిపి పిలుస్తూ ఉంటే పిల్లవాడికి అలవాటవుతుంది. కాగితం బిళ్లలు పెట్టి చూశాం, మధ్యాహ్నానికి నమిలేశారు. మెడలో తాడు కట్టి వేలాడదీస్తే పక్కవాడు పట్టి లాగుతాడు, అది ప్రమాదం. ఎడమ రొమ్ము మీద పిన్నీసుతో పెద్దవాళ్లే పెట్టాలి, ఇంటికి పోయేటప్పుడు పెద్దవాళ్లే తీయాలి. చెరిగిపోని మార్కర్‌తోనే రాయాలి, మామూలు స్కెచ్ పెన్ను చెమటకే పోతుంది.

భాష గురించి. కర్ణాటక సరిహద్దు ఊరు కాబట్టి కొన్ని ఇళ్లల్లో కన్నడమే. కర్నూలు, నంద్యాల వైపు నుంచి వచ్చిన టీచర్లకు అది రాదు. పది మాటలు తెలుగు లిపిలో రాసి టీచర్ బల్ల అద్దం కింద పెట్టాం. "నీరు బేకు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. "హొట్టె నోవు" అంటే కడుపు నొప్పి, "మనెగె హోగ్బేకు" అంటే ఇంటికి పోవాలి. అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టిన మాట "అవ్వ". తెలుగింటి పిల్ల అవ్వ కావాలంటే నాయనమ్మో అమ్మమ్మో. కన్నడింటి పిల్ల అవ్వ కావాలంటే అమ్మ. అమ్మ కోసం ఏడ్చే పిల్లకు ముసలమ్మను పిలిపిస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది. ఒంటికి, రెంటికి అడగడానికి మాటలే అక్కర్లేదు, చిటికెన వేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్లు చూపిస్తే రెంటికి అని ఇద్దరు టీచర్లూ ఒప్పుకున్నారు. మొదటి నెలలో అడిగిన వెంటనే పంపాలి, "ఇప్పుడే పోయొచ్చావు కదా" అనకూడదు. ఒకసారి లాగులో పోసుకున్న పిల్లవాడు ఆ టీచర్ మొహం చూడడానికి మళ్లీ వారం పడుతుంది.

మొదటి వారం ఇట్లా నడిపాం. మూడు రోజులు ఇంటి మనిషి ఒకరు పదిన్నర దాకా లోపల కూర్చోవచ్చు, నాలుగో రోజు నుంచి గేటు దగ్గరే. చెప్పకుండా జారుకోవడం కుదరదు. పిల్ల ఆటలో ఉన్నప్పుడు మెల్లగా వెళ్లిపోతే ఆ రోజు గడిచిపోతుంది కానీ మర్నాడు చెంగు వదలదు. "మూడింటికి వస్తా" అంటే పిల్లకు అర్థం కాదు, "అన్నం తిని, ఆడుకుని, పొడుగు గంట కొట్టినాక వస్తా" అనాలి, ఆ మాట తప్పకూడదు. కిటికీల దగ్గర గుంపుగా నిలబడడం మాన్పించడానికే సభ్యులు ఇద్దరేసి కాపలా ఉండాల్సి వచ్చింది.

ఇంత చేసినా, టీచర్‌ను దగ్గర చేసింది గుడ్డు. వారంలో అయిదు రోజులు మధ్యాహ్న భోజనంలో ఉడికిన గుడ్డు ఉంటుంది. ఒకటో తరగతి పిల్లకు పెంకు తీయడం రాదు. గోటితో గిచ్చితే తెల్లసొన ఊడొస్తుంది, సగం నేలపాలు. టీచర్ పక్కన కూర్చుని, గుడ్డును పళ్లెం అంచుకు రెండుసార్లు తట్టి, అరచేతి కింద దొర్లించి, లావు కొస నుంచి పెంకు లాగి చూపిస్తే, పిల్ల ఆ చేతుల వైపే చూస్తూ ఉంటుంది. మూడో రోజుకు గుడ్డు పట్టుకుని తనే టీచర్ దగ్గరికి వస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు టీచర్ వరసలో నిలబడి అజమాయిషీ చేయకుండా పిల్లల పక్కన కూర్చోవాలని కోరాం. వడ్డన సంఘం సభ్యులు చూసుకున్నారు. పొద్దున ఫోన్‌లో హాజరు, ఫోటోలు ఎక్కించే అరగంటలో పిల్లలు గాలికి పోకుండా చూసే పని కూడా మనదే.

శనివారాలు సంచి లేని రోజులు కాబట్టి 3, 4, 5 తరగతులతో ప్రశ్నల ఆట పెట్టించాం. ఎనిమిది మంది గుంపు, ఇరవై నిమిషాలు, గుంపుకు అయిదు ప్రశ్నలు. మీ ఊరేది, ఏ బస్సుకొస్తారు, చిన్నప్పుడు మీకు ఏ లెక్క రాలేదు, క్యారియర్‌లో ఏం తెచ్చుకున్నారు, ఇట్లాంటివి. ఆదోని నుంచి మన ఊరికి వచ్చే దారిని నేల మీద సుద్దతో గీసి బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో పిల్లలే రాశారు. బస్సు తప్పితే సార్ ఎందుకు ఆలస్యమవుతాడో ఆ గీతతో తెలిసింది. ఒక జాగ్రత్త: "మీరేమోళ్లు సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంట్లో విన్నదే అడుగుతారు, కోప్పడితే లాభం లేదు. "నేను బడోళ్లను" అని నవ్వి తర్వాతి ప్రశ్నకు పోవాలని టీచర్లకు ముందే చెప్పి ఉంచాం.

సెప్టెంబరు 5న పెద్ద పిల్లలు టీచర్ల వేషం కట్టారు. నాలుగు, అయిదు తరగతులకు బాగుంది, ఒకటో తరగతి పిల్లలు మాత్రం అసలు టీచర్ ఎవరో మళ్లీ మర్చిపోయారు. శాలువాలకు డబ్బు పెట్టొద్దని తీర్మానం అయింది. ఆ డబ్బు ఫోటోలకు పోయింది.

దసరా సెలవుల తర్వాత అక్టోబరులో, టీచర్ల నియామకానికి పెట్టిన మెగా డీఎస్సీ నుంచి, కొత్త టీచర్ చేరారు. బిళ్లలు, ఫోటోలు, వేళ్ల గుర్తులు అన్నీ మొదటి నుంచి మళ్లీ చేశాం. రెండోసారి నాలుగు రోజుల్లో పని తీరింది, పిల్లలకు పద్ధతి తెలుసు కాబట్టి. వెళ్లే టీచర్ చివరి రోజు వచ్చే టీచర్‌తో కలిసి ఒక పూట కూర్చుంటే ఇంకా తేలిక.

ఇక సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోయే కాలం. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయే ఇళ్ల పిల్లల్లో కొందరిని సీజనల్ హాస్టల్‌లో ఉంచుతారు, కొందరు వెంట పోతారు. వెంట పోయిన పిల్ల తిరిగొచ్చేసరికి టీచర్ కొత్త మనిషే. మొదట ఆదివారాలు వీడియో కాల్ చేయించాం. గుడారాల దగ్గర సిగ్నల్ ఉండదు, రీచార్జి అయిపోయి ఉంటుంది, పొలం నుంచి వచ్చినవాళ్లు అలిసిపోయి ఉంటారు. దాన్ని మానేసి, టీచర్ గొంతుతో ఒక నిమిషం మాటలు రికార్డు చేసి గుంపు మేస్త్రీ ఫోన్‌కు వారానికోసారి పంపాం. మొదట్లో టీచర్ అందులో పద్యం చెప్పారు, ఎవరూ వినలేదు. తర్వాత ఒక్కొక్క పిల్ల పేరు పిలిచి, ఒక్కో ముక్క మాట్లాడారు. అప్పుడు తమ పేరు వచ్చేదాకా పిల్లలు ఫోన్ చుట్టూ కదలకుండా కూర్చున్నారట.

వెళ్లేటప్పుడు పిల్ల నోటు పుస్తకాన్ని, పలకను కవర్‌లో కట్టి, పైన పేరు రాసి బడిలోనే ఉంచాం. తిరిగొచ్చిన రోజు టీచర్ చేతుల మీదుగా ఆ కవర్ ఇప్పించాలి, వెనకటి చోటే కూర్చోబెట్టాలి. అట్ట పెట్టెలో పెట్టినవాటికి చెదలు పట్టి కొన్ని పుస్తకాలు పాడయ్యాయి, ఆ ఇళ్లవాళ్లకు సంఘం తరఫున క్షమాపణ చెప్పాం. ఇప్పుడు రేకు పెట్టె కొన్నాం, కింద నాలుగు ఇటుకలు, లోపల వేపాకు.

తేలని విషయం ఒకటే. "అల్లరి చేస్తే అయివారికి చెప్తా, తోలు వలుస్తాడు" అనే మాట ఇళ్లల్లో ఆగలేదు. కొట్టడం చట్టం ఒప్పుకోదు, మన టీచర్లు కొట్టరు కూడా. అయినా పిల్ల బడికి రాకముందే భయం ఇంటి నుంచి వచ్చేస్తుంది. జూలై 10న మెగా పీటీఎంలో, అంటే తల్లిదండ్రులు, టీచర్ల మీటింగులో, ఈ సంగతి చెప్పాం, కానీ సుగ్గి నెలల్లో పిల్లలను చూసేది తాతలు, అవ్వలు, వాళ్లు మీటింగులకు రారు. వచ్చే ఏడు రచ్చకట్ట దగ్గరికే, సాయంత్రం ఆరున్నరకు, టీచర్‌ను పిలుచుకుపోవాలని నిర్ణయం. టీచర్ ఆఖరి బస్సుకు అందేలా ఇరవై నిమిషాల్లో ముగించాలి, వేదిక, మైకు వద్దు.

జూన్‌కు కావాల్సినవి: పాత తెల్ల పంచెలు రెండు, పిన్నీసులు రెండు డబ్బాలు, చెరగని మార్కర్లు నాలుగు, వడ్డనకు మనుషులు రోజుకు ఇద్దరు. వడ్డనకు వచ్చేవాళ్లు పేరు, వీలైన రోజులు రేకు పెట్టె మూత లోపల అంటించిన కాగితంలో రాయండి. పెట్టె తాళంచెవి వంట చేసే అక్క దగ్గర ఉంది.