గ్యాస్ట్రిక్ బైపాస్ అయి ఏడాది: తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

నాకు బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ జరిగి ఈ నెలతో ఏడాది నిండింది. ఇన్నాళ్లూ బాగా దగ్గరివాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది పొడుగునా నన్ను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఫోన్లో ఒక్కొక్కరికీ థాంక్స్ చెబితే సరిపోదనిపించింది. వాళ్లు చేసిందేమిటో నలుగురికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రాజమండ్రిలో మా షుగర్ డాక్టరు గారికి. నా ఎత్తు 156 సెంటీమీటర్లు, అప్పటి బరువు 112 కిలోలు. అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, బీఎంఐ, 46. పూటపూటకీ ఇన్సులిన్, బీపీ మాత్రలు, మెట్లెక్కితే ఆయాసం, బ్యాంకులో కుర్చీలోనే కునికిపాట్లు. డైటింగులు, నడకలు, ప్రకృతి ఆశ్రమం అన్నీ అయ్యాయి. తగ్గిన ప్రతిసారీ అంతకు అంత మళ్లీ పెరిగేదాన్ని. ఆయన ఒకరోజు పాత చీటీలన్నీ ముందు పరిచి, "అమ్మా, మీకు పట్టుదల లేదని నేను అనుకోవడం లేదు. బరువు తగ్గగానే ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, ఒళ్లు ఖర్చు చేసే శక్తి తగ్గిపోతుంది. మీ శరీరం పాత బరువు కోసం పోరాడుతోంది. దీనికి ఆపరేషన్ ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి" అన్నారు. లావుగా ఉన్నందుకు నన్ను తిట్టని మొదటి డాక్టరు ఆయన. ఆ మాట విన్నాక బయటికొచ్చి ఆటో ఎక్కేదాకా కళ్లనీళ్లు ఆగలేదు.

విశాఖపట్నంలో సర్జన్ గారు మొదటిసారి వెళ్లినప్పుడు డేట్ ఇవ్వలేదు. అందుకు కూడా ఆయనకు రుణపడి ఉన్నాను. నేను విన్నదల్లా స్లీవ్ అనే ఇంకో ఆపరేషన్ గురించి. అందులో పొట్టలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టంలా ఉంటుంది. నాకూ అదే చేయండి అని అడిగాను. ఆయన ముందు ఎండోస్కోపీ చేయించారు. పుల్లటి నీళ్లు పైకి తన్ని అన్నవాహిక అడుగున పుండ్లు పడి ఉన్నాయి. స్లీవ్ చేస్తే ఆ బాధ ఇంకా పెరగవచ్చని, పైగా ఇన్సులిన్ దాకా వెళ్లిన షుగర్‌కి బైపాస్ మెరుగ్గా పనిచేస్తుందని చెప్పారు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు: పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, తిండి మాత్రం అటు పోదు. కుట్ల దగ్గర లీకేజీ రావచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, ప్రాణాపాయం తక్కువే కానీ అసలు లేదని చెప్పను అని కూడా దాచకుండా చెప్పారు. బతికినన్నాళ్లూ విటమిన్లు వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించాలి, దానికి ఒప్పుకుంటేనే రమ్మన్నారు.

ఇంట్లో ఒప్పించడం వేరే యుద్ధం. "నోరు కట్టుకుంటే తగ్గేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకే" అన్నారు మా అత్తయ్య గారు. ఆవిడది కోపం కాదు, భయం. మా ఆయన ఆవిడతో వాదన పెట్టుకోకుండా, రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడనే తీసుకొచ్చి సర్జన్ గారి ఎదురుగా కూర్చోబెట్టారు. బయట ఎంతమంది పేషెంట్లు ఉన్నా ఆయన తొందరపడలేదు. ఆవిడ అడిగిన ప్రతిదానికీ, మళ్లీ మళ్లీ అడిగినదానికి కూడా, పెద్దావిడకు చెప్పినట్టు చెప్పారు. తిరుగు ప్రయాణంలో తుని దాకా అత్తయ్య గారు మాట్లాడలేదు. తర్వాత, "దాని షుగర్ తగ్గుతుందంటే నేనెందుకు అడ్డం పడతాను" అన్నారు మా ఆయనతో.

అదే ఆస్పత్రిలో కొన్నేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్న ఒక శ్రీకాకుళం అక్క నంబరు డైటీషియన్ గారు ఇచ్చారు. డాక్టర్లకు చెప్పలేని ప్రశ్నలన్నీ ఆ అక్కని అడిగాను. మూడో నెలలో జుట్టు ఊడుతుంది, గుప్పిళ్లు గుప్పిళ్లుగా, భయపడకు, కొన్ని నెలలకి అదే ఆగుతుంది అని ముందే చెప్పింది. రెండు మూడు వారాలకి బరువు కదలకుండా ఆగిపోతుంది, అప్పుడు రోజూ మిషనెక్కి చూసుకోకు అంది. "ఎందుకు చేయించుకున్నానా అని ఏడుపొచ్చే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నాకు చెయ్యి" అంది. ఆ రోజు నిజంగానే వచ్చింది. రాత్రి చాలా పొద్దుపోయాక చేస్తే కూడా ఎత్తింది. నేను ముఖం కూడా చూడని మనిషి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్ అంటూ ఇన్సూరెన్స్ మొదట తిప్పికొట్టింది. మేము ఆశ వదులుకున్నాం. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేసే కుర్రాడు వదలలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో తెచ్చిన నియమాలు తీసి చూపించాడు. పద్ధెనిమిదేళ్లు నిండి, డాక్టరు సలహా ఉండి, మిగతా పద్ధతులతో తగ్గక, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉంటే బరువు తగ్గించే ఆపరేషన్‌ని, ఊబకాయం చికిత్సలకు డబ్బివ్వం అనే మినహాయింపు కింద కొట్టేయడానికి లేదు. 35 ఉన్నా, అదుపులోకి రాని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), గుండెజబ్బు లాంటివి ఉంటే అదే వర్తిస్తుంది. మా షుగర్ డాక్టరు గారు ఏళ్ల తరబడి రాసిన బరువులు, డైట్ వివరాలు ఆ రోజు పనికొచ్చాయి. వాటికి స్లీప్ స్టడీ రిపోర్టు జతచేసి మళ్లీ పంపాడు. అప్రూవల్ వచ్చింది. బాబూ, నువ్వు నీ డ్యూటీ చేశానంటావు. ఆ ఫైలు పక్కన పడేసినా నిన్ను అడిగేవాళ్లు లేరు.

నా గురక వెనక ఉన్నది స్లీప్ ఆప్నియా అని తేలింది ఆ స్టడీలోనే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మత్తు డాక్టరమ్మ గారు, నిద్రలో మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మిషన్ కొన్ని వారాలు అలవాటు చేసుకుంటేగానీ మత్తు ఇవ్వనన్నారు, ఆస్పత్రికి వచ్చేటప్పుడు మిషన్ వెంట తెచ్చుకోమన్నారు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లివర్ కొవ్వు తగ్గడానికి పత్యం. మజ్జిగ, సూపు, ప్రోటీన్ పొడి. లివర్ పెద్దగా ఉంటే పొట్ట మీద పరుచుకుని సర్జన్‌కి చోటివ్వదట. ఆ రెండు వారాలూ మా ఇంట్లో పోపు వాసన లేదు. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలకు చదువుకుంటూ కూడా ఏమీ అనకుండా కాలేజీ క్యాంటీన్లో తిని వచ్చేది.

ఆపరేషన్ అనుకున్నట్టే అయింది. చిన్న చిన్న గాట్లతో లాపరోస్కోపీ. సాయంత్రానికి లేపి నడిపించారు. కడుపు ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాస్ వల్ల భుజాలు లాగేశాయి, కోతల నొప్పి కంటే అదే ఎక్కువ.

ఇక ఆ రెండో రాత్రి సిస్టర్ గారి గురించి. నాకు కొద్దిగా ఒళ్లు వెచ్చబడింది, గుండె దడగా ఉంది. నొప్పి వల్ల అనుకుని పడుకున్నాను. ఆవిడ నాడి చూశారు, 120 దాటింది. కాసేపాగి మళ్లీ చూశారు, తగ్గలేదు. తెల్లవారనిద్దాం అనుకోలేదు. డ్యూటీ డాక్టరుని పిలిచి, ఆయన చూసి వెళ్లాక కూడా ఊరుకోక సర్జన్ గారికి ఫోన్ చేయించారు. ఈ ఆపరేషన్ తర్వాత లీకేజీ ఉంటే మొట్టమొదట కనిపించేది నాడి వేగమేనని తర్వాత తెలిసింది. సర్జన్ గారు ఆ రాత్రే వచ్చారు, మందు తాగించి సీటీ స్కాన్ తీయించారు. లీకేజీ లేదు. ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా విచ్చుకోలేదు, ఒంట్లో నీళ్లు తగ్గాయి. సెలైన్ పెంచారు, ఫిజియోథెరపీ అబ్బాయి మూడు బంతుల స్పైరోమీటరు పట్టుకుని గంటగంటకీ ఊదించాడు. మర్నాటికి నాడి దారిలోకొచ్చింది. సిస్టర్, మీరు డ్యూటీ దిగి వెళ్లిపోతుంటే నిద్రలో ఉన్నాను, ముఖాముఖి చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిజంగా లీకేజీ అయి ఉన్నా మీ వల్లే నేను బతికి ఉండేదాన్ని. ఇది చదివితే, ఆ గది మూలమంచం పేషెంటుని నేనే.

ఇంటికి కారులో తీసుకొచ్చారు. రక్తం గడ్డకట్టకుండా దారిలో అన్నవరం, ఇంకా రెండు చోట్ల ఆపి నడిపించారు మా ఆయన. పొట్ట మీద వేసే ఆ ఇంజక్షన్లు కూడా ఆయనే నేర్చుకుని వేశారు. సూదంటే తల తిప్పుకునే మనిషి.

తర్వాత వారాలు మా అత్తయ్య గారివి. డైటీషియన్ గారు రాసిచ్చిన చార్టులో మొదట అంతా తేట ద్రవాలే. గంటకు ఇంత అని గుక్కగుక్కగా తాగాలి. అత్తయ్య గారు బీరువాలోంచి మా అమ్మాయి వెండి ఉగ్గుగిన్నె తీశారు. కొలత దానితోనే. కందికట్టు గుడ్డలో వడకట్టి, చారు మీది తేట కారం లేకుండా, మజ్జిగ నీళ్లలా పల్చగా చేసి, గోడ గడియారం చూసుకుంటూ ఇచ్చేవారు. తర్వాత చిక్కటి ద్రవాలు, ఆపైన మెత్తగా మెదిపిన పప్పు, ఉడికించిన గుడ్డు, వడకట్టిన పెరుగు. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నారు కదా, చదువుకోని మా అత్తయ్య గారికి ఇప్పుడు గుడ్డులో ఎంత, పనీరులో ఎంత, చేపముక్కలో ఎంత అన్నది నోటికొచ్చు. ముందు ప్రోటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. అలవాటుగా నా చెయ్యి గ్లాసు మీదికి పోతే ఆవిడే గ్లాసు పక్కకి జరిపేవారు, నలుగురి ముందూ అనకుండా.

డైటీషియన్ గారూ, మీరు పెట్టిన వాట్సాప్ మెసేజీలన్నీ దాచుకున్నాను. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోవద్దని, పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఇచ్చిన మాత్ర ఆరు నెలలు మానవద్దని ఎన్నిసార్లు గుర్తుచేశారో. మా వీధి మెడికల్ షాపు తమ్ముడికి కూడా ఇక్కడే చెబుతున్నాను. మోకాలినొప్పికి ఎప్పటి మాత్ర అడిగితే, "అక్కా, మీకు బైపాస్ అయింది కదా, డైక్లోఫెనాక్ పడదు, పుండు పడుతుంది, డాక్టరు గారిని అడిగి చెబుతాను" అని ఇవ్వలేదు. నేనొక్కసారి చెప్పింది గుర్తుపెట్టుకున్నాడు.

బ్యాంకులో మా బ్రాంచి వాళ్లు. సెలవు పొడిగించాల్సి వచ్చినప్పుడు నా కౌంటరు పంచుకున్నారు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా వచ్చినప్పుడల్లా నా సీటు దగ్గరికి వచ్చేసరికి మా క్యాషియర్ గారు మాట మార్చి డబ్బాని దాటించేసేవారు. తీపి తింటే నాకు చెమటలు పట్టి గుండెదడ వస్తుంది, డంపింగ్ అంటారు. అది అందరికీ వివరించి చెప్పుకునే అవస్థ ఆయన నాకు తప్పించారు. పెళ్లిళ్లలో "అంతేనా తినడం" అనే మాట ఎదుర్కొన్నవాళ్లకి ఇదెంత సాయమో తెలుస్తుంది.

ఇప్పుడు నా బరువు 76. ఇన్సులిన్ మోతాదు ఆస్పత్రిలో ఉండగానే తగ్గించారు, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే. కొన్ని వారాలకి పూర్తిగా ఆపేశారు. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ మందులేమీ లేకుండా 5.9 ఉంది. షుగర్ పోయిందని అనకండి, రెమిషన్ అనండి, అంటే మందుల్లేకుండా అదుపులో ఉందని, మళ్లీ రావచ్చు, చూపించుకుంటూ ఉండండి అన్నారు మా డాక్టరు గారు. అలాగే చూపించుకుంటున్నాను. సీప్యాప్ మిషన్ అవసరం లేదని మళ్లీ స్టడీ చేశాకే ఆపారు. పొద్దున పుష్కర్ ఘాట్ నుంచి గట్టు వెంబడి మా ఆయనతో నడుస్తున్నాను. చర్మం వేలాడుతోంది, ఐరన్ ఇంకా తక్కువే ఉంది, వచ్చే నెల ఇంజక్షన్ ఎక్కిస్తామన్నారు. ఇవీ ఉన్నాయి.

ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఒప్పుకోని ఆడవాళ్లు, నాకు మెసేజ్ పెట్టండి. మీకు పడుతుందో లేదో డాక్టరు చెప్పాలి, నేను చెప్పలేను. మిగతావన్నీ, జుట్టు సంగతి, ఏడుపు సంగతి, వంట సంగతి, శ్రీకాకుళం అక్క నాకు చెప్పినట్టే దాచకుండా చెబుతాను. మీ అత్తగారో అమ్మగారో భయపడుతుంటే వాళ్లతో మా అత్తయ్య గారు మాట్లాడతానన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక అయితే ఆవిడకి వీలు.