సోన్‌కుల్ కొండ మీంచి మా అమ్మను కిందికి దించినవాళ్లకు

కిర్గిజ్‌స్తాన్ నుంచి వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులైంది. వచ్చిన రోజే ఈ పోస్టు రాయాల్సింది. "నా జబ్బు సంగతి ఊరంతా చాటుతావా" అని అమ్మ అడ్డుపడటంతో ఆగాను. నిన్న తనే పిలిచి, "నా పేరు రాయకు, వాళ్లకి మాత్రం దండం పెట్టానని రాయి" అంది. సాయం చేసినవాళ్లు కూడా పేర్లు వద్దన్నారు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు, చేసిన పని మాత్రమే ఉంటుంది.

జూన్ చివరి వారంలో అమ్మ, నేను, మా ఆయన ముగ్గురం వెళ్లాం. అమ్మకు అరవై మూడేళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది, రోజూ గంట నడుస్తుంది. ఏడు రోజుల టూరు ఒక ఏజెన్సీ వాళ్లు రాసిచ్చారు. బిష్కేక్, ఆలా ఆర్చా, బురానా, కొచ్కోర్, సోన్‌కుల్, ఇస్సిక్‌కుల్, కరకోల్. కాగితం మీద ఎంత బాగుందో! బిష్కేక్ ఎత్తు దాదాపు 800 మీటర్లు, కొండల్లో ఉన్న సోన్‌కుల్ సరస్సు 3,016 మీటర్లు అని ఆ కాగితంలో లేదు. గూగుల్‌లో మాత్రం ఉంది. చూడకపోవడం నా తప్పే. తొందరగా అంత ఎత్తుకు వెళ్తే గాలి పలచబడి జబ్బు చేస్తుంది.

మొదటి రోజు బిష్కేక్‌లో ఓష్ బజారుకు వెళ్లాం. అచ్చులు గుద్దిన గుండ్రటి రొట్టెలు, గుట్టలుగా ఎండు ఖర్జూరాలు, వాల్‌నట్లు. అమ్మ మసాలాల వరసలో నిలబడి ఎండుమిర్చి చిదిమి వాసన చూసి, "దీనికి రంగే గానీ కారం లేదు" అంది. వెనక నుంచి "మాకూ మూడేళ్లుగా అదే బాధ ఆంటీ" అని తెలుగులో ఎవరో అన్నారు. చూస్తే ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి, అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు. వాళ్లలో నల్గొండ అమ్మాయి తన నంబరు మా ఆయన ఫోన్లో ఎక్కించి, "రష్యన్‌లో ఏం అవసరమొచ్చినా ఫోన్ చెయ్యండి, మొహమాటపడొద్దు" అంది. అందరూ అనే మాటే కదా అనుకున్నాం.

రెండో రోజు ఆలా ఆర్చా అనే కొండ లోయ. బిష్కేక్ నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు. పైన మంచు కొండలు, పక్కన పాల రంగు నీళ్ల ఏరు. అమ్మ ఆ ఏటి పక్కన నాకంటే ముందు నడిచింది. ఇక ఏ కొండైనా ఎక్కుతుందని ధైర్యం వచ్చేసింది నాకు.

మూడో రోజు కొచ్కోర్ వెళ్లే దారిలో బురానా గోపురం చూశాం. పదకొండో శతాబ్దపు మినార్ అది, బాలాసాగున్ అనే పాత నగరంలో మిగిలింది దాదాపు అదొక్కటే. ఒకప్పుడు 45 మీటర్లు ఉండేదట, భూకంపాలకు పై భాగం కూలి ఇప్పుడు పాతిక మీటర్ల దాకా ఉంది. లోపల మెట్లు చీకటిగా, ఇరుకుగా, ఒక్కోటి మోకాలెత్తు. పక్కన మైదానంలో మనుషుల ముఖాలు చెక్కిన రాళ్లు నిలబెట్టి ఉన్నాయి, వాటిని బల్‌బల్ అంటారు, చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపినవి. అమ్మ వాటి మధ్య తిరుగుతూ "మన ఊరి చెరువుగట్టు మీద వీరగల్లు లాగే ఉన్నాయే" అంది. మా డ్రైవర్ గారికి అది ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాం.

డ్రైవర్ గారికి యాభై ఏళ్లుంటాయి. ఆయనకు ఇరవై ఇంగ్లీషు మాటలు వస్తే, మాకు ఒకే ఒక్క కిర్గిజ్ మాట వచ్చు, రహ్మత్. కృతజ్ఞతలు అని. పెద్దవాళ్లయిన మగవాళ్లను అక్కడ 'బైకే' అంటారు, అన్నా అన్నట్టు. అందుకే ఆయన్ని బైకే అనే పిలిచాం.

నాలుగో రోజు మధ్యాహ్నానికి సోన్‌కుల్. ఎలా చెప్పను! చుట్టూ చెట్టన్నది లేదు, పచ్చిక, గుర్రాలు, నీలం సరస్సు, తెల్లటి యుర్తులు, అంటే ఉన్నితో కప్పిన గుండ్రటి గుడారాలు. ఎండాకాలం మూడు నాలుగు నెలలు కాపరులు గొర్రెలు, గుర్రాలు తోలుకుని వచ్చి కాపురముంటారు ఇక్కడ. మేమున్న యుర్తు ఇల్లాలు పాలమీగడ, జామ్, బొర్సోక్ పెట్టింది. బొర్సోక్ అంటే నూనెలో వేయించిన చిన్న చిన్న పిండి ముక్కలు, శాకాహారి అయిన అమ్మ వాటి మీదే బతికింది. కురుత్ అని గట్టి పెరుగు ఉండలు ఇచ్చింది, నోట్లో వేసుకుంటే అచ్చం చల్లమిరపకాయలోని ఉప్పూ పులుపూ. కుముజ్, అంటే పులియబెట్టిన గుర్రం పాలు, మా ఆయన ఒక్కరే తాగారు. పొయ్యిలోకి ఆమె తెజెక్ తెచ్చి వేస్తుంటే అమ్మ మొహం వెలిగిపోయింది. అవి పిడకలు!

ఆ సాయంత్రమే అమ్మకు తలనొప్పి మొదలైందట. చెబితే మా ట్రిప్పు పాడవుతుందని చెప్పలేదు.

రాత్రి పదకొండింటికి రెండుసార్లు వాంతి అయింది. పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చుంది. పెదవుల రంగు మారినట్టు అనిపించింది, నా భ్రమో నిజమో టార్చి వెలుగులో తెలియలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మా ఆయన పరుగెత్తి ఆ ఇల్లాలిని లేపారు. ఆమె వచ్చి అమ్మ మొహం కేసి ఒక్క క్షణం చూసింది. అరచెయ్యి గాల్లో చదునుగా పెట్టి కిందికి దించుతూ "తొమొన్, తొమొన్" అంది. కిందికి, కిందికి. తెల్లారేదాకా చూద్దాం అన్న ఆలోచన ఆమెకు రాలేదు. నాకైతే వచ్చింది, దాచుకోను.

బైకేను లేపింది ఆమే. ప్లాస్టిక్ సీసాల్లో వేడినీళ్లు పోసి అమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. తన గొర్రెతోలు కోటు విప్పి అమ్మకు తొడిగింది. డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి మూసి వెనక్కి తోసింది.

ఇక్కడొక చిక్కుంది, వెళ్లేవాళ్లు తెలుసుకోండి. సోన్‌కుల్ కొండల మధ్య గిన్నెలో నీళ్లలా ఉంటుంది. మేం వచ్చిన దారిన కిందికి దిగాలంటే ముందు కల్మక్ అషూ కనుమ ఎక్కాలి, అది 3,447 మీటర్లు. అంటే ఊపిరాడని మనిషిని ఇంకో నాలుగు వందల మీటర్లు పైకి తీసుకెళ్లాలి. బైకే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి పైకి ఎత్తి చూపించి, తర్వాత బాగా కిందికి దించి చూపించారు. కొంచెం పైకి, తర్వాత అంతా కిందికే. మట్టి రోడ్డు, చీకటి, వంపులు. ఆయన ఒక్కసారి కూడా సడన్ బ్రేకు వెయ్యలేదు. ప్రతి పది నిమిషాలకూ అద్దంలో చూసి "అపా?" అని అడిగేవారు. అపా అంటే వాళ్ల భాషలో అమ్మ. అమ్మ "ఆ, ఉన్నా నాయనా" అని తెలుగులోనే జవాబిచ్చేది. కనుమ దాటాక ఆయన గట్టిగా ఊపిరి వదలడం వెనక సీట్లోకి వినిపించింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా భయపడ్డారని.

పెద్ద రోడ్డు దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ వచ్చింది. నల్గొండ అమ్మాయికి ఫోన్ చేశాం. అప్పుడు టైము రాత్రి రెండున్నర. రెండో రింగుకే ఎత్తింది. సంగతి వినగానే, "అక్కా, ఒక్క రోజులో పెద్దావిడను మూడు వేల మీటర్లకి ఎలా తీసుకెళ్లారు?" అని తిట్టింది. నిజంగానే తిట్టింది. తర్వాత బైకేతో రష్యన్‌లో మాట్లాడి కొచ్కోర్ ఆసుపత్రికి వెళ్లమంది. అక్కడ డ్యూటీ డాక్టరుకు ఇంగ్లీషు రాదు. ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాం. ఎన్ని రోజులైంది వచ్చి, దగ్గు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, బీపీ మాత్ర పేరేమిటి, దేనికైనా ఎలర్జీ ఉందా, అన్నీ ఆ పిల్లే అడిగి ఆయనకు చెప్పింది. "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమోనని వింటున్నారు అక్కా, ఒక్క నిమిషం" అని ఆగింది. ఆ నిమిషం గురించి నేనేమీ రాయలేను. నీరు చేరలేదు. ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి అమ్మ టీ అడిగింది.

కొచ్కోర్ ఎత్తు 1,800 మీటర్ల ప్రాంతంలోనే ఉండటం సగం వైద్యమని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. ఈ జబ్బుకు మొదటి మందు కిందికి దిగడమేనట.

బుకింగ్ లేకుండా పొద్దున ఆరింటికి తలుపు కొడితే తీసిన కొచ్కోర్ గెస్ట్‌హౌస్ పెద్దావిడకు కూడా దండాలు. రెండు రాత్రులున్నాం, ఒక రాత్రికే డబ్బు తీసుకుంది. ఆమె షిర్దాక్‌లు కుడుతుంది, ఉన్నిని నీళ్లతో తొక్కి గట్టిపరిచిన రంగురంగుల దుప్పట్లను కోసి, ఒక రంగు ముక్కను ఇంకో రంగులో అతికి కుట్టే చాపలు. 2012లో యునెస్కో వీటిని తక్షణం కాపాడుకోవాల్సిన విద్యల జాబితాలో చేర్చింది. గొర్రె కొమ్ముల ముగ్గు ఎలా కత్తిరించాలో ఆమె చూపిస్తే అమ్మ మంచం మీద కూర్చుని మెలికల ముగ్గు వేసి చూపించింది. మధ్యలో నేను అనువాదానికి ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇద్దరూ నన్ను పక్కకు జరగమన్నారు.

వచ్చేరోజు అమ్మ బ్యాగులోంచి జాకెట్టు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎక్కడికెళ్లినా ఎందుకైనా మంచిదని రెండు జాకెట్టు ముక్కలు పెట్టుకుని తిరిగే మనిషి మా అమ్మ. ఆమె దాన్ని కళ్లకద్దుకోలేదు గానీ లోపలికెళ్లి ఒక రుమాలు తెచ్చి అమ్మ తలకు కట్టింది. ఆడవాళ్లకు అలా కట్టి పంపడం వాళ్ల మర్యాదట. రెండో జాకెట్టు ముక్క, కడిగి ఆరబెట్టిన కోటుతో పాటు సోన్‌కుల్ ఇల్లాలికి బైకే చేత పంపాం.

కరకోల్ పోయింది, అక్కడి మేకులు లేకుండా కట్టిన దుంగన్ మసీదు చూడలేకపోయాను. ఆ బాధ కొంచెం ఉంది. ఇస్సిక్‌కుల్ మాత్రం ఒక పూట చూశాం. పొడవు 182 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాదు నుంచి ఖమ్మం దాకా నీళ్లే. చలికాలంలో కూడా గడ్డకట్టదు. అమ్మ కాళ్లు తడుపుకుని, నీళ్లు నాలిక మీద వేసుకుని "ఉప్పు తక్కువైంది" అంది. అప్పుడు ఏడ్చాను నేను, ఆసుపత్రిలో రాని ఏడుపు.

తల్లిదండ్రులను తీసుకెళ్లేవాళ్లు కొచ్కోర్‌లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండండి. తలనొప్పి వస్తే దాచొద్దని ముందే ఒట్టు వేయించుకోండి.

బైకేకి, సోన్‌కుల్ అపాకి, కొచ్కోర్ అపాకి, ఆ డాక్టరు గారికి రహ్మత్. తెలుగులో ఉన్న ఈ పోస్టును వాళ్లు చదవలేరు, ఆ అమ్మాయి రష్యన్‌లోకి మార్చి వినిపిస్తానంది. ఆ పిల్లకేం కావాలని అడిగితే ముందు ఏమీ వద్దంది, గట్టిగా అడిగితే గోంగూర పచ్చడి అంది. కాలేజీలు తెరిచే ముందు హైదరాబాదు నుంచి బిష్కేక్ వెళ్లే పిల్లలుంటే నాకు మెసేజ్ పెట్టండి. రెండు కిలోలు, గట్టిగా ప్యాక్ చేసి ఉంచాను, నూనె కారదు.