సెలవు చీటీలో రాసిన జ్వరం

సంపాదకుల వారికి,

మొన్న అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని మా కంపెనీ ఆన్‌లైన్‌లో ఓ గంట కార్యక్రమం పెట్టింది. వర్ధన్నపేట దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఫోన్లో చూశాను. 'కళ్లు మూసుకోండి, ఊపిరి నిదానంగా తీసుకోండి' అని మేడం చెబుతుండగానే పైన మెసేజ్ పడింది: 'పన్నెండు దాటింది, ఇంకా కలెక్షన్ అప్‌డేట్ చేయనిదెవరు?' పీల్చిన ఊపిరి వదిలానో లేదో, ట్యాబ్ తెరిచాను.

నేను హనుమకొండలో ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. ఆరేళ్లయింది. మహిళా గ్రూపులకు అప్పులివ్వడం, వారం వారం కిస్తీలు వసూలు చేయడం పని. పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్లు ఎనిమిదింటికల్లా ఆటో ఎక్కి కూలికి పోతారు కాబట్టి గ్రూపులన్నీ ఒకచోట చేరి కిస్తీలు కట్టే సెంటర్ మీటింగ్ ఏడింటికే. ఒక్కరు కట్టకపోతే మిగతావాళ్లు కలిసి కట్టాలి. వాళ్లూ లేవంటే నేను అక్కడే కూర్చోవాలి. అదీ కాకపోతే జేబులోంచి వేసి ఆ రోజు గండం గట్టెక్కాలి. నేనూ వేశాను, ఇంట్లో చెప్పలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో జాబితా వస్తుంది. బాకీలు ఎక్కువున్నవాళ్ల పేర్లు ఎర్ర రంగులో. తర్వాత కాన్ఫరెన్స్ కాల్, పేరు పిలిచి అందరూ వింటుండగా నిలదీస్తారు. పిల్లలు వినొద్దని డాబా మీదికి పోయి మాట్లాడేవాణ్ని. మా మేనేజర్ చెడ్డవాడేం కాదు, మాకన్నా ముందు ఆయనకు పైనుంచి ఒక కాల్ అయిపోయి ఉంటుంది.

మైక్రోఫైనాన్స్ అప్పు బాకీ పడ్డవాళ్లకు వసూలు కోసం ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధన పెట్టింది. మంచి నిబంధన. ట్రైనింగ్‌లో మాకు దాని మీద పరీక్ష కూడా పెట్టారు. అప్పు తీసుకున్న అక్కకు ఆరు దాటితే ఫోన్ చేయకూడదు, ఆ అప్పు వసూలు చేసే నాకు మాత్రం రాత్రి పదిన్నరకు చేయొచ్చు.

ఈ ఎండాకాలం నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఊరి పొలిమేర కనబడగానే కడుపులో దేవినట్టయ్యేది, బండి పక్కకు ఆపి నిలబడేవాణ్ని. నాకేదో అయిందని ముందు గుర్తుపట్టింది మూడు కిస్తీలు బాకీ ఉన్న ఒక అక్క. 'సారూ, పైసలు ఎటుపోతయ్, ముందు గీ నీళ్లు తాగు. మొఖం గట్ల గుంజుకపోయిందేంది?' అంది. చెంబు అందుకుంటే చేతులు వణికి సగం నీళ్లు అంగీ మీదే పడ్డాయి.

మా బ్రాంచ్‌లో వాటర్ క్యాన్ పైన టెలీ మానస్ పోస్టర్ ఉంది. నంబర్ 14416. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి సలహా అడగడానికి 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ నాలుగు టేబుళ్ల ఆఫీసులో ఆ పోస్టర్ ముందు నిలబడి నంబర్ ఎక్కించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నీళ్లు పట్టుకుంటున్నట్టు నటించి, మనసులో అనుకుంటూ బయటికొచ్చి, బండి మీద కూర్చుని చేశాను. డాక్టర్‌ని కలవమన్నారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి మాస్కు పెట్టుకుని వెళ్లాను. (కరోనా చేసిన మేలు ఇదొక్కటే, మాస్కు పెట్టుకుంటే ఎందుకని ఎవరూ అడగరు.) డాక్టర్ మందులు రాసి, పది రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు.

చిక్కంతా సెలవు చీటీ దగ్గర వచ్చింది. బయట బెంచీ మీద కూర్చుని 'మానసిక ఆందోళన వల్ల' అని రాసి కొట్టేశాను. ఇంకో కాగితం తీసి 'వైరల్ ఫీవర్' అని రాశాను. ఓపీ చీటీ మడిచి పర్సు లోపలి అరలో పెట్టాను. ఇంతకుముందు మా దగ్గర ఒకతను నిజం రాశాడు. తిరిగొచ్చాక అతనికి క్యాష్ అప్పగించలేదు, ప్రమోషన్ జాబితాలో పేరు లేదు, వెనకాల ఒక పేరు మాత్రం పెట్టారు.

వైద్యంలో మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని, ఆరోగ్య బీమా కూడా అలాగే ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సెలవు ఫారంలో ఆ సమానత్వం ఇంకా కనబడదు. మా పైవాళ్లకు లెక్కల్లో చెబితేనే ఎక్కుతుంది కాబట్టి చెబుతున్నా: డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నా పది రోజులు అందులోకి రావు, అవి జ్వరం ఖాతాలో పడ్డాయి.

యోగా గంట వద్దనను, పెట్టండి. కానీ ఎర్ర జాబితా గ్రూపులో వేయడం ఆపండి, అడగాల్సింది ఎవరినో వాళ్లనే పిలిచి అడగండి. ఆరు తర్వాత ఫోన్ వద్దన్న నిబంధన మాకూ పెట్టండి. డాక్టర్ 'విశ్రాంతి అవసరం' అని రాస్తే చాలు, జబ్బు పేరు అడగకూడదని కార్మిక శాఖ ఒక మాట చెబితే మాలాంటివాళ్లు అబద్ధం రాయాల్సిన పని ఉండదు.

వచ్చే మంగళవారం మళ్లీ ఓపీకి వెళ్లాలి, సగం రోజు సెలవు కావాలి. ఇప్పుడు మళ్లీ జ్వరమంటే నమ్మేలా లేరు. బావమరిది పెళ్లిచూపులని రాద్దామనుకుంటున్నాను.

ఒక ఫీల్డ్ ఆఫీసర్, హనుమకొండ
(ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నాను, పేరు వేయొద్దని మనవి)