తాళం వేసిన ఇంటి ఎలుకల బెడద వదిలింది: సాయం చేసిన అందరికీ మా వీధి తరఫున దణ్ణాలు

శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఉద్దానం ఊళ్లలో వరుస ఇళ్లు చూసినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. ఒకరి వాసాలు పక్కవారి గోడ మీదే దిగుతాయి. వరుస మధ్యలో ఒక ఇంటికి తాళం పడి, అందులో ఎలుకలు చేరితే, నేల మీద కాలు పెట్టకుండానే చివరి ఇంటి అటక దాకా వెళ్లిపోతాయి. మా వీధిలో అలా తాళం పడిన ఇంటి అటక మీద కురిడీ కొబ్బరి, గదిలో ధాన్యం బస్తాలు, పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట ఉండిపోయాయి. తిండి, గూడు, దారి మూడూ ఒకేచోట దొరికాయి వాటికి.

ఇప్పుడు ఆ బెడద వదిలింది. వదిలించినవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు. అందుకే చేసిన పనిని బట్టే చెబుతున్నాం. కాస్త వివరంగానే రాస్తున్నాం, ఎందుకంటే ఇదే అవస్థలో ఉన్న వీధులు మన చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

మొదటి దణ్ణం విశాఖలో ఉంటున్న ఆ ఇంటివారికే. ఫోన్ చేస్తే నొచ్చుకోలేదు, తాళంచెవి బస్సులో పంపించారు, మేస్త్రి కూలిలో సగం తామే పెట్టుకున్నారు. ఇంటివారు పలకని చోట ఏం చేయాలని కొందరు అడుగుతున్నారు. ఫొటోలతో పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. అప్పటికీ కదలకపోతే, జనానికి బెడదగా ఉన్నదాన్ని తొలగించమని ఆదేశించే వీలిచ్చే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓ వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు పెట్టుకోవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఎలాగూ ఉంది. కానీ ముందు ఒక్కసారి మంచిగా ఫోన్ చేసి చూడండి. తమ ఇంట్లో ఏం జరుగుతోందో దూరాన ఉన్నవాళ్లకు నిజంగానే తెలియదు.

వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మాస్టారికి మా వీధి ఎంతో రుణపడింది. ఆయన నేర్పింది మందు పేరు కాదు, పని వరుస. తాళం తీయగానే లోపలి సామాను బయట పడేద్దామని అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే గూడు చెదిరిన ఎలుకలన్నీ ఆ రాత్రికే ఇరుపక్కల ఇళ్లలో దూరుతాయి. అందుకే ఆ ఇంట్లోనూ పెరట్లోనూ ముందు ఎర పెట్టాలి, అదే సమయంలో చుట్టూ ఇళ్లలో బోన్లు పెట్టాలి. ఎర తినడం ఆగాక ఇళ్ల కన్నాలు మూయాలి. ఆ తర్వాతే తాళం వేసిన ఇల్లు ఖాళీ చేయాలి.

ఏ ఎలుకో తెలుసుకోకుండా పని మొదలుపెట్టొద్దన్నది ఆయన రెండో మాట. వాసాల మీద తిరిగేది తోక ఒంటికంటే పొడుగున్న ఇంటి ఎలుక. అది రోజూ నడిచే దారిలో వాసానికి జిడ్డుగా నల్లటి చార పడుతుంది. డొక్కల గుట్ట కింద, మురుగు కాలువ గట్టున మట్టి తోడి పోసేది పందికొక్కు. దాని కలుగు నోటికి తాజా మట్టి బిరడాలా అడ్డం ఉంటే లోపల అది ఉన్నట్టే అనేవారు మాస్టారు. మొదటి దానికి పై నుంచి, రెండో దానికి కింద నుంచి పని. ఒకదాని కోసం చేసింది రెండోదానికి పనికిరాదు.

పందికొక్కుల పని ఇలా సాగింది. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేశారు. తెల్లారి తెరుచుకున్నవే ప్రాణం ఉన్న కలుగులు, ఎర వాటికే. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు 0.25 శాతం పొడి 20 గ్రాములు. ముందు నూకలకు నూనె పట్టించి, తర్వాత పొడి చల్లి, కర్రతో కలపాలి. చేతికి గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కలిపాక మందు బలం 0.005 శాతానికి వస్తుంది. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, కలుగులో జానెడు లోపలికి కర్రతో తోశారు. ఆ పొడి శిక్షణ ఉన్నవాళ్లే వాడాలి. ఇళ్లవాళ్లయితే అంగట్లో తయారుగా దొరికే 0.005 శాతం బిళ్లలే కొనుక్కోవాలి. వాటిని కూడా మూత ఉన్న డబ్బాలో, లోపల కమ్మీకి గుచ్చి పెట్టాలి. విడిగా పడేస్తే ఎలుక నోట కరచుకుని ఎక్కడో వదిలేస్తుంది, అది పిల్లల చేతికో కోడి నోటికో వస్తుంది.

ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. అదే దీని బలం. తిన్న తిండికీ వచ్చిన బాధకూ ఎలుకకు ముడి కుదరదు, కాబట్టి మిగతావీ వచ్చి తింటాయి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు అలా కాదు. నాలుగు గింజలు తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర వాసన కూడా చూడదు. పైగా అది కడుపులోని ఆమ్లం తగిలితే, తడి తగిలినా, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది, విరుగుడు లేదు. పొలం గట్టున దాని పని దానికి ఉంది, ఇళ్ల మధ్య వద్దు. ట్యూబుల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టు గడప లోపలికే రానివ్వకండి. అది కాలేయాన్ని తినేస్తుంది, దానికీ విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. పొరపాటున ఎవరైనా మింగితే బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా, ఆ ప్యాకెట్ కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. చచ్చిన ఎలుకల్ని రోజూ పొద్దున్నే ఏరి రెండడుగుల గోతిలో పూడ్చిన పారిశుద్ధ్య కార్మికులకు చేతులెత్తి మొక్కుతున్నాం. వాళ్లు ఏరకపోతే కుక్కలూ పిల్లులూ గుడ్లగూబలూ వాటిని తిని చచ్చే ప్రమాదం ఉండేది.

చెట్ల సంగతి మాకు ఎవరూ చెప్పకపోతే తట్టేది కాదు. చెట్టు కింద రాలిన లేత కాయకు తొడిమ దగ్గర గుండ్రంగా కన్నం ఉందంటే పైన మొవ్వులో ఎలుక ఉంది. ఆకు చివర పెంకుల్ని తాకితే అదే దానికి వంతెన. చెట్టెక్కే మావయ్య ఐదు చెట్లకు ఒక చెట్టు చొప్పున మొవ్వులో 10 గ్రాముల బిళ్ల పెట్టి, 12 రోజులకు మళ్లీ పెట్టారు. మాను చుట్టూ నేల నుంచి ఆరడుగుల పైన, అడుగున్నర వెడల్పు జింకు రేకు పట్టీ బిగించారు. రేకు మీద గోళ్లు పట్టవు. అయితే పక్క చెట్టు ఆకులు తగులుతూ ఉంటే పట్టీ కట్టీ లాభం లేదు, అందుకే అడ్డొచ్చే కమ్మలు కొట్టేశారు.

మనుషులుంటున్న ఇళ్ల లోపల మందు పెట్టలేదు. అటక సందులో ఎలుక చస్తే కంపుతో ఆ గదిలో ఉండలేరు. అక్కడంతా బోన్లే. స్ప్రింగు బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా పెట్టాలి. ఎలుక గోడ వారనే నడుస్తుంది. ఎండు మెత్తళ్లో కాల్చిన కొబ్బరి ముక్కో దారంతో కట్టేయాలి, లేకపోతే లాక్కుపోతుంది. కొత్త వస్తువంటే ఇంటి ఎలుకకు అనుమానం. రెండు మూడు రాత్రులు స్ప్రింగు బిగించకుండా తిననిచ్చి, తర్వాత బిగించాలి. జిగురు అట్టలు మాత్రం వద్దు. గంటలకొద్దీ గిలగిల్లాడి చావడం ఏ ప్రాణికీ రాకూడదు, పైగా తొండలూ పిట్టలూ అంటుకుంటాయి.

ఇక మేస్త్రి గారు. వీధిలో ఎలుకలు మళ్లీ రావడం లేదంటే చాలావరకు ఆయన చేతి చలవే. ఎలుక దూరడానికి ముప్పావు అంగుళం చాలు, చిట్టెలుకకు పావు అంగుళం చాలు. కన్నం మూసేముందు లోపల ఏదీ మిగల్లేదని తేల్చుకోవాలి. కన్నం ముందు జానెడు మేర ముగ్గు చల్లి ఉంచమన్నారు. బియ్యప్పిండి అయితే తినేస్తాయి, రాతి ముగ్గయితే పాదం గుర్తు అచ్చంగా పడుతుంది. వరసగా మూడు పొద్దులు ముగ్గు చెదరకుండా ఉంటేనే ఆయన తాపీ పట్టారు.

అసలు దారి గోడ నెత్తి మీద ఉంది. ఉమ్మడి గోడ వాసాల దాకా వచ్చి ఆగుతుంది, వాసానికీ వాసానికీ మధ్య ఖాళీ పక్కింట్లోకి తెరిచే ఉంటుంది. అక్కడ ఉత్త ఇటుక ముక్కలు, సిమెంటు పెడితే ఎండాకాలం కర్ర కుంచించుకుని చుట్టూ సందు పడుతుంది. ఆ సందునే ఎలుక పెద్దది చేస్తుంది. మేస్త్రి గారు పావు అంగుళం కన్ను ఉన్న జింకు వెల్డ్‌మెష్ కత్తిరించి, ఒక అంచు రెండంగుళాలు మడిచి వాసానికి మేకులు కొట్టి, రెండో అంచు గోడ నెత్తి మీద పరిచి, దాని మీద ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు ఇసుక మాలు వేశారు. కర్ర కదిలినా మెష్ సందును కప్పే ఉంటుంది. కోళ్ల గూటి వల దీనికి చాలదు. దాని కన్ను పెద్దది, తీగ సన్నం.

పైపుల చుట్టూ గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కూరి పైన మాలు పెట్టారు. మన సముద్రపు గాలికి మామూలు ఇనప పీచు తుప్పు పట్టి రాలిపోతుంది. ఫోమ్ స్ప్రే ఒక్కటే కొడితే కొరికి పారేస్తాయి. నేల దగ్గర కన్నాలకు మాలులో గాజు పెంకులు కలిపారు. పచ్చి మాలును మొదటి రాత్రే తవ్వేస్తాయని ఒక్కో చోట రాతి పలకో రేకు ముక్కో ఆనించి, మూడు రోజులు నీళ్లు చల్లించారు. కర్ర తలుపుల అడుగున ఆరంగుళాల రేకు కొట్టారు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు పగటిపూటే, పక్క ఇళ్లను ఆనుకున్న గదుల నుంచి మొదలుపెట్టి పెరటి వైపుకు వచ్చారు కుర్రాళ్లు. మిగిలిన ఎలుకలు పెరట్లోకి, బోన్ల మీదికి పోవాలని. అందరికంటే ముందు మా ఆశా కార్యకర్త అప్ప వచ్చి ఒక మాట ఖాయం చేసింది: కిడ్నీ జబ్బున్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు ఈ పనిలో అడుగు పెట్టకూడదు. ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ జాగ్రత్త ఇంకెక్కడికంటే ఎక్కువ కావాలి.

ముందు తలుపులు తెరిచి అరగంట వదిలేశారు. పెంటికలు ఎండుగా చీపురుతో ఊడ్చకూడదు, దుమ్ము ముక్కులోకి పోతుంది. 10 లీటర్ల బకెట్‌కు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, అప్పుడు తుడిచారు. ఆ నీళ్లలో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, కలపొద్దు. రబ్బరు బూట్లు లేకుండా ఎవర్నీ లోపలికి పంపలేదు. ఇలాంటి పని చేశాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్ర కనిపిస్తే సొంతంగా నొప్పి బిళ్లలు మింగకుండా, ఎలుకల చోట పని చేశామని డాక్టరు గారికి చెప్పాలి.

ధాన్యం ఇంటివారి మాట మీద మిల్లుకు పోయింది. మిగిలిన సామాను గోడకు అడుగు దూరంలో, అడుగు ఎత్తు బల్లల మీద సర్దారు. కింద చూపు ఆనేలా ఉంటే మట్టి తోడిన గుర్తు మొదటి రోజే కనబడుతుంది. తాళంచెవి ఇప్పుడు వీధిలో ఒక పిన్నమ్మ దగ్గరుంది, నెలకోసారి తెరిచి ముగ్గు చల్లి చూస్తోంది. కార్తీకం దాటి వరి కోతలైతే పొలంలో ఎలుకలు ఊళ్లోకి మళ్లుతాయి కాబట్టి, కోతలకు ముందే కలుగులు మూసి చూసే పని కుర్రాళ్లు ఒప్పుకున్నారు. ఎరకు నూకలు తామే ఇస్తామని విశాఖ నుంచి ఆ ఇంటివారు అప్పుడే కబురు పెట్టారు.