దెబ్బ తప్పించుకునే విద్యలో పెప్ తర్వాతే ఎవరైనా

సంపాదకులకు,

బాక్సింగ్‌లో రక్షణ, అంటే దెబ్బ తగలకుండా తప్పించుకోవడం, అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌దేనని, 50కి 50 గెలిచాడు కాబట్టి అతనికి సాటి లేరని ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. విశాఖలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు గ్లవ్స్ కట్టిన నేను ఒప్పుకోలేను.

మేవెదర్ గొప్పవాడే. ఎడమ భుజం ఎత్తి, గడ్డం దాని వెనక దాచుకుని, వచ్చిన కుడిచేతి గుద్దును భుజం మీదుగా జారవిడిచి, ఆ క్షణంలోనే తిరిగి కొట్టేవాడు. కానీ 1940ల నాటి అమెరికా బాక్సర్ విల్లీ పెప్ గెలిచినవే 229 పోటీలు! 1947 జనవరిలో విమానం కూలి వెన్నుపూసలు, కాలు విరిగాయి. ఆ ఏడాదే మళ్లీ రింగులోకి దిగి గెలిచాడు. అప్పట్లో టైటిల్ పోరు 15 రౌండ్లు, మేవెదర్ కాలానికి 12. కాళ్లు బరువెక్కాక ఆ మూడు రౌండ్లు ఎంత పొడుగో రింగులో నిలబడినవాళ్లకు తెలుసు.

అర్జెంటీనా వాడు నికొలీనో లొచ్చేను చాలామంది మరిచారు. 1968లో టోక్యోలో చేతులు కిందికి వదిలేసి, తల కదలికతోనే అప్పటి ప్రపంచ చాంపియన్ పాల్ ఫుజీని అలసగొట్టాడు. పదో రౌండుకు ఫుజీ లేవనేలేదు. ఇక నడుము వంచి దెబ్బ తప్పించుకోవడంలో అమెరికా బాక్సర్ పెర్నెల్ విటేకర్‌కు ఎదురులేదు. 1993లో మెక్సికో బాక్సర్ చావెజ్‌తో అతని పోరును డ్రా అన్నారు. అది విటేకర్ గెలుపే, నాకిప్పటికీ బాధ.

నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదట పెప్‌లా కాళ్లు కదిపి తప్పించుకోవడం నేర్పుతాను. మేవెదర్‌లా భుజంతో కాచుకోవడం ఆఖర్న.

— విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, విశాఖపట్నం