పొద్దు గూకాక ఇంకో పావుగంట

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పాఠకులు ఇంటి దగ్గర నుంచి తీసి పంపిన సూర్యాస్తమయం ఫొటోలు వేస్తున్నారు. కిందటి నెల అందులో నాదీ ఒకటి పడింది. సంతోషించాను, ఆ వెంటనే ఉసూరుమన్నాను. ఈ ఉత్తరం దాని గురించే.

ముప్పయ్యొక్క ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో రంగుల మిషను దగ్గర నిలబడి పనిచేసినవాణ్ణి. అచ్చయిన బొమ్మ కనిపిస్తే ముందు భూతద్దం కోసం చెయ్యి పోతుంది, ఇప్పటికీ. నేను పంపిన ఫొటోలో పలచటి మబ్బులు కనకాంబరం రంగులో ఉన్నాయి. వాటికి పైన లేత ఊదా. కింద మేడల మీద బూడిద కలిసిన నీలం. మీరు వేసినదాంట్లో మబ్బూ ఆకాశమూ మేడలూ అన్నీ ఒకటే నారింజ. భూతద్దం పెట్టి చూస్తే పసుపు మీద మెజెంటా, అంటే ముదురు గులాబి ఇంకు చుక్కలు దట్టంగా పడి ఉన్నాయి, సయాన్, అంటే నీలం ఇంకు చుక్క కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సయాన్ లేకుండా ఊదా ఎక్కణ్ణుంచి వస్తుంది? సాయంత్రం అంటే ఎర్రగానే ఉండాలనుకుని ఎవరో పుణ్యాత్ములు నీలాన్ని లాగేశారు. న్యూస్‌ప్రింటు ఇంకు పీల్చుకుని చుక్క ఉబ్బుతుందని, రంగు కాస్త లేతగా వదలాలని మీ ప్రెస్సువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తప్పు మిషనుది కాదు. కంప్యూటరు దగ్గర జరిగింది.

నేను ఫొటోలు తీసేది మా డాబా పిట్టగోడ మూల నుంచి. అక్కడ సిమెంటు పెచ్చు ఊడి ఫోను పట్టేంత గంటు పడింది. స్టాండు కొనమని అబ్బాయి పోరుతుంటాడు కానీ ఆ గంటులో పెడితే ఫోను కదలదు, పైగా రోజూ అదే చోటు, అదే కోణం. ఎదురుగా పక్కింటి నీళ్ల ట్యాంకు, నాలుగు కరెంటు తీగలు, ఒక కొబ్బరి చెట్టు తల. మొదట్లో ట్యాంకు అడ్డమని విసుక్కునేవాణ్ణి. రెండేళ్ల ఫొటోలు వరుసగా పెట్టుకుని చూశాక ఆ ట్యాంకే నాకు గడియారమైంది. డిసెంబరులో పొద్దు ట్యాంకుకు ఎడమ పక్కన నైరుతి వైపు దిగుతుంది, జూన్ నాటికి వాయవ్యం వైపు కొబ్బరి చెట్టు దాకా పోయి వెనక్కి మళ్లుతుంది. ట్యాంకు సరిగ్గా వెనక దిగేది ఏడాదికి రెండే సార్లు, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఆ రోజు మబ్బు పట్టిందా, మళ్లీ నెలలు ఆగాల్సిందే.

నా బాధల్లా జనం తొందర గురించి. మీరు వేసే ఫొటోల్లో పదింట తొమ్మిది సూర్యబింబం ఉన్నవే. బింబం మునగ్గానే అందరూ ఫోను జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోతున్నారు. మొన్నటి సాయంత్రం సంగతి చెబుతాను. 6:04కు బింబం పోయింది. మా వీధిలో డాబాల మీద ఉన్న నలుగురూ దిగిపోయారు. 6:09కి ఆకాశం వెలిసిపోయిన చీరలా ఉంది, నేనూ దిగిపోదామనుకున్నాను. 6:13కి ఎత్తున ఉన్న పీచు మబ్బులకు అడుగు నుంచి అంటుకుంది. ముందు అంచులు మాత్రమే, తర్వాత ఒక్కో పోగూ. నిమిషంలో బంగారం, తర్వాత కనకాంబరం, ఆ తర్వాత దానిమ్మ రంగు. 6:20కి పడమర పైన ఊదా వచ్చింది. 6:24కి బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

ఇందులో మాయేమీ లేదు. మనకు పొద్దు గూకినా పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న మబ్బుకు ఇంకా గూకలేదు. దాని మీద పడే వెలుగు నేలను రాసుకుంటూ గాలిలో చాలా దూరం నడిచి వస్తుంది. నడినెత్తిన ఉన్నప్పటి కంటే దిగంతాన ఉన్నప్పుడు సూర్యకాంతి సుమారు 38 రెట్లు గాలిని దాటాలి. గాలి అణువులు నీలాన్ని ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి కనుక దారిలో నీలం రాలిపోయి ఎరుపు మిగులుతుంది. కానీ పడమటి దిక్కున, మన కంటికి ఆనని దూరంలో, ఆ వెలుగు దూరడానికి ఆకాశం తెరిచి ఉండాలి. అక్కడ దట్టమైన మబ్బుంటే మన నెత్తిన ఎంత మంచి మబ్బున్నా అంటుకోదు. ఆ సంగతి ముందే తెలిసే ఉపాయం నాకింతవరకూ దొరకలేదు, అందుకే రోజూ ఎక్కుతాను.

ఆ పావుగంటలో ఒక్కసారి వెనక్కి తిరిగి తూర్పు కూడా చూడమని మీ పాఠకులకు చెప్పండి. దిగంతం మీద నీలి బూడిద పట్టీ, దాని పైన గులాబి పట్టీ కనిపిస్తాయి. ఆ కింది పట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ భూమి నీడ గాలి మీద పడి పైకి లేస్తుంటే దాన్ని ఫొటో తీసేవాడు ఒక్కడూ కనిపించడు.

ఇంకొకటి. పోయిన వారం ఒక ఫొటో కింద ‘కాలుష్యం పుణ్యమా అని ఇన్ని రంగులు’ అని రాశారు. ఇది చాలామంది నమ్మే మాటే కానీ నా ఫొటోలు ఒప్పుకోవు. పొగ, దుమ్ము నిండిన రోజున బింబం ఇటుక రంగులో మసకబారి, దిగంతం చేరకముందే మాయమవుతుంది. ఆకాశమంతా మురికి పసుపు. నా దగ్గరున్న మంచి ఫొటోలన్నీ వాన కడిగి వెళ్లిన సాయంత్రాలవి. నేల దగ్గరి దుమ్ము రేణువులు పెద్దవి, అన్ని రంగుల్నీ కలిపి పాలిపోయేలా చేస్తాయి. అగ్నిపర్వతాల కథ వేరు. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు సన్నని రేణువులు వానకు అందనంత ఎత్తుకు పోయి, నెలల తరబడి లోకమంతా సంధ్యలు ఎర్రబారాయి. లండన్‌లో విలియం ఆస్‌క్రాఫ్ట్ అనే చిత్రకారుడు థేమ్స్ నది పక్కన చెల్సీలో నిలబడి, రంగు మారినప్పుడల్లా పాస్టెల్ రంగులతో ఒక్కో బొమ్మ గీసుకున్నాడు. అలాంటివి అయిదు వందలకు పైగా గీశాడు. 1888లో లండన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆ పేలుడు మీద వేసిన నివేదిక మొదట్లో, 1883 నవంబరు 26 సాయంత్రం నాటి ఆయన బొమ్మలు రంగుల్లో అచ్చయ్యాయి. రాతి మీద అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ కాలపు ప్రెస్సువాళ్లు సంధ్యలో ఊదాను నిలబెట్టారంటే మన నాలుగు రంగుల మిషనుకు ఏం రోగం?

ఫోన్లది కూడా కొంత తప్పుంది. ఫోనుకు ఎరుపు ఎక్కువైతే ఏదో లోపమనుకుని దిద్దేస్తుంది. ఫోను రంగులు దిద్దే వైట్ బ్యాలెన్సు అనే సెట్టింగును ఆటోలో వదలకుండా ఎండ గుర్తు మీద పెట్టుకోవాలి. తెర మీద వెలుగున్న మబ్బును తాకి వెలుతురు కొంచెం కిందికి లాగాలి. లేకపోతే ఎరుపు నిండి పొర్లి నారింజ కాస్తా పసుపవుతుంది. లెన్సు చొక్కా కొసతో తుడవాలి, ఇది అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. బింబం మిట్టన ఉండగా పెద్ద లెన్సున్న కెమెరా కంటికి ఆనించి మాత్రం చూడకండి, కళ్లు పోతాయి.

మిమ్మల్ని అడిగేది చిన్న పనే. ఫొటో కింద ‘అందాల సంధ్య’ అనే బదులు తేదీ, టైము, పొద్దు గూకిన ఎన్ని నిమిషాలకు తీశారో వేయండి. వీలైతే ఒకే డాబా నుంచి తీసిన మూడు ఫొటోలు పక్కపక్కన వేయండి. సయాన్ జోలికి పోవద్దని డెస్కులో ఉన్న ఆ పుణ్యాత్ములకు నా మాటగా చెప్పండి.

దీంతో పాటు నిన్నటివి రెండు పంపుతున్నాను, 6:12, 6:19. రెండో దాంట్లో తీగ మీద నల్లగా వేలాడుతున్నది కాకి కాదు, చిక్కుకున్న గాలిపటం తోక. అడ్డంగా ఉందని చెరిపేయకండి. దానికొక కొసన ఊదా అంటింది, భూతద్దం పెడితే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైరైన ప్రెస్సు పనివాడు