మిర్చి చేతులు, పసిబిడ్డ

సంపాదకులకు,

ఏడ్చిన బిడ్డను వెంటనే ఎత్తుకుంటే చేతులకు అలవాటు పడతాడని సలహా ఇచ్చేవారు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న ధీమా తొలి ఏడాదిలోనే కుదురుకుంటుందని, పెద్దయ్యాక మనుషులను నమ్మడానికి అదే ఆధారమని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లోనే రాశారు. వచ్చేది తల్లే కానక్కర్లేదు, తండ్రయినా నాయనమ్మయినా సరే.

అయితే ఎత్తుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలి కదా! మా పక్కింటామె మిర్చికి తొడిమలు తీసే కూలీ. చీర ఉయ్యాలలో అయిదు నెలల పిల్లవాడు గుక్కపట్టగానే పరుగెత్తుకొస్తుంది. చేతులకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడుగుతుంది. అయినా మంట పోదు. మోచేతులతోనే పొదువుకుంటుంది, బుగ్గ నిమరడానికి భయం.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి. ఈమె దాకా అవేవీ రాలేదు. మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలు మాత్రం వచ్చాయి, ఖర్చయిపోయాయి.

తొడిమలు తీసే చోట ఒక గది, ఒక ఆయా, పాలిచ్చే తల్లులకు మిర్చి ముట్టని పని ఏర్పాటు చేయాలని కార్మిక, మార్కెటింగ్ శాఖల అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు